ఎడమ వెనక టైరు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళని చూస్తే నాకు భయం వేసేది కాదు, జాలి వేసేది. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఎవరైనా వింత జరిగిందంటే ముందు వైరింగు చూడమంటాను, తరవాత కళ్ళు పరీక్ష చేయించుకోమంటాను. మా అత్తగారు నాకంటే ఒక ఆకు ఎక్కువే చదివారు. టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఇంట్లో దిష్టి గుమ్మడికాయ కూడా కట్టనివ్వరు. ఇది చదివేవాళ్ళకి ముందే ఈ సంగతి తెలియాలి. ఎందుకంటే అప్పుడు కారులో ఉన్నది మేమిద్దరమే.

మాది గుంటూరు వైపు. మా ఆయన ప్రభుత్వ ఉద్యోగి. నా కాలేజీ దగ్గరవుతుందని పాతబస్తీలోని హుస్సేనీ ఆలంలో ఒక మేడమీద పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. పోయిన ఏడాది ఒక పాత కారు కొన్నాం. స్టీరింగు వెనక చిన్న తెరలో నాలుగు చక్రాల బొమ్మ, ఒక్కో చక్రం పక్కన అందులో గాలి ఎంతుందో చూపించే అంకె ఉంటాయి. గాలి తగ్గితే బీప్‌మని మోగి, ఆ అంకె ఎర్రబడుతుంది. కొన్న రోజు సరదాగా చూసుకున్నాను. తరవాత దాన్ని పట్టించుకున్నదే లేదు.

ఆ వారం మా అత్తగారి కాలి మీద వేడి పులుసు ఒలికింది. కోఠి దగ్గర ఒక క్లినిక్‌లో పొద్దున ఇంజెక్షను, సాయంత్రం ఇంజెక్షనుతో పాటు కట్టు మార్చడం. మా ఆయన ఆఫీసు పని మీద ఊళ్ళో లేరు. అందుకని రెండు పూటలా నేనే తీసుకెళ్ళేదాన్ని. మూసీ వంతెన దాటి, ఉస్మాన్‌గంజ్ గోదాముల బజారు లోపల్నుంచి వెళితే త్వరగా చేరిపోతాం.

శనివారం సాయంత్రం ఉస్మాన్‌గంజ్‌లో దుకాణాలు మూసేస్తున్నారు. సరుకు దించిన లారీ ఒకటి వెనక్కి వస్తుంటే, ఒక గోదాము ముందు కాసేపు ఆగాల్సి వచ్చింది. షట్టరు అప్పటికే దించి ఉంది. ఆకుపచ్చ రంగు, అక్కడక్కడా పెచ్చులూడిపోయింది. అక్కడే మొదటిసారి బీప్ మోగింది.

మూడు చక్రాల దగ్గర ముప్పై మూడు ఉంది. ఎడమ వెనక చక్రం దగ్గర ఇరవై ఆరు, ఎర్రగా.

మేకు దిగిందనుకున్నాను. మెల్లగా క్లినిక్ దాకా పోనిచ్చి దిగి చూస్తే టైరు నిండుగానే ఉంది. తెర మీద కూడా ముప్పై మూడే ఉంది. ఏ మేకూ గాలి తీసి మళ్ళీ నింపదు కదా. చల్లబడితే గాలి పీడనం తగ్గుతుంది, నిజమే. కానీ అంత తేడా రావాలంటే టైరు తీసుకెళ్ళి ఐసు ఫ్యాక్టరీలో పెట్టాలి. సెన్సరు పాతబడిందని సరిపెట్టుకున్నాను.

ఆదివారం పొద్దున బయల్దేరేటప్పుడు పురానాపూల్ దగ్గర ఖాజా భాయ్ పంక్చర్ షాపులో ఆపాను. ఆయన టైరు చుట్టూ సబ్బునీళ్ళు పోశాడు. ఒక్క బుడగ లేదు. గాలి కొలిచే గేజి పెట్టి చూపించాడు.

“గాలి బరాబర్ ఉంది మేడం. నాలుగిట్ల ఒక్కతీరుగనే ఉంది. ఫికర్ చెయ్యకుండ్రి. గా కంప్యూటర్‌ను రీసెట్ కొట్టుండ్రి, అంతే.”

రీసెట్ ఎలాగో కారుతో వచ్చిన పుస్తకంలో చదివాను. బండి ఆపి, తాళం తిప్పి ఉంచి, తెర మీద గుర్రపు నాడా లాంటి గుర్తు మిణికేదాకా బటన్ నొక్కి పట్టుకోవాలి. అప్పుడు నాలుగు అంకెలూ పోయి గీతలు వస్తాయి. చక్రాల్లో ఉండే సెన్సర్లు బండి ఆగితే నిద్రపోతాయి, కాస్త దూరం తిరిగాక మేలుకుంటాయి. అంకెలు మళ్ళీ వచ్చేది అప్పుడే. ఈ సంగతి బాగా గుర్తుంచుకోవాలి.

రీసెట్ చేశాను. గీతలు వచ్చాయి. వంతెన దాటేసరికి ఒక్కొక్కటిగా నాలుగూ ముప్పై మూడు చూపించాయి. నాకు తృప్తిగా అనిపించింది.

ఉస్మాన్‌గంజ్ ఆదివారం కావడంతో ఖాళీగా ఉంది. ఆ ఆకుపచ్చ షట్టరు ముందుకు రాగానే బీప్. ఎడమ వెనక, ఇరవై నాలుగు.

ఆపి దిగాను. ఖాజా భాయ్ దగ్గర అడిగి తెచ్చుకున్న గేజి పెట్టి చూశాను. ముప్పై మూడు. లోపలికి వచ్చి తెర చూశాను. ఇరవై నాలుగు. మా అత్తగారు విసుక్కున్నారు. “మిషనన్నాక పాడవదా ఏంటి? పద పద, అవతల డాక్టరు వెళ్ళిపోతాడు.”

సాయంత్రం మళ్ళీ అదే దారి. నిజం చెప్పాలంటే ఆ పూట కావాలనే వెళ్ళాను. చూద్దామని. షట్టరు ముందు బీప్ మోగింది. ఇంజను ఆపకుండానే బండి నిలిపాను. ఇరవై రెండు. చూస్తుండగానే ఇరవై ఒకటి అయింది. ఇరవై. మళ్ళీ ఇరవై ఒకటి, ఇరవై రెండు. మళ్ళీ తగ్గింది.

ఆగి ఉన్న బండిలో అంకె మారకూడదు. మారినా అంత త్వరత్వరగా మారకూడదు. ఫోనులో వీడియో తీసి మా ఆయనకి పంపాను. ఆయన దాన్ని చూసి ఫోను చేసి, “సెన్సరు బ్యాటరీ అయిపోయుంటుంది. నేనొచ్చాక చూద్దాంలే, అటు వెళ్ళకు” అన్నారు. ఆ చివరి మాట ఎందుకన్నారో ఆయనకీ తెలియదు. తరవాత అడిగితే అలా అన్నట్టే గుర్తు లేదన్నారు.

సోమవారం పండగ సెలవు. పొద్దున వేరే దారిన వెళదామని బయల్దేరాను. అఫ్జల్‌గంజ్ వైపు రోడ్డు తవ్వి బారికేడ్లు పెట్టారు. పోలీసు చెయ్యి ఊపి మమ్మల్ని పక్కకి మళ్ళించాడు. ఆ సందూ ఈ సందూ తిరిగి ఎక్కడ తేలామో చూసుకుంటే, ఉస్మాన్‌గంజ్.

బీప్ దూరంనుంచే మొదలైంది. షట్టరు దగ్గరికి వచ్చేసరికి ఆగకుండా మోగుతోంది. బండి ఆపి, ఇంజను కట్టేసి, తాళం తిప్పి రీసెట్ బటన్ నొక్కి పట్టుకున్నాను. గుర్తు మిణికింది. అంకెలు పోయాయి. మూడు చక్రాల దగ్గర గీతలు వచ్చాయి.

నాలుగోదాని దగ్గర గీతలు రాలేదు. పద్దెనిమిది అని ఉంది. బండి కదల్లేదు, ఇంజను లేదు, మూడు సెన్సర్లు నిద్రపోతున్నాయి. ఆ ఒక్క చక్రమే పదిహేడు అంది. పదహారు. అక్కడ చాలాసేపు ఆగింది. మళ్ళీ మెల్లగా, బరువు మోస్తున్నట్టు, పదిహేడు. పద్దెనిమిది.

మా అత్తగారు కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగారు. తరవాత నా మోచెయ్యి పట్టుకున్నారు.

“మీ మామగారు పోయే ముందు నాలుగు రోజులు పక్కనే కూర్చున్నాను కదా. ఆయన ఛాతీ ఇలాగే ఆడేది. దిగేది, ఆగేది, మళ్ళీ లేచేది. అమ్మాయ్, ఇది టైరులో గాలి కాదు. ఎవరికో ఊపిరాడట్లేదు.”

అలాంటి మాట ఆవిడ నోటివెంట నేనెప్పుడూ వినలేదు. ఇద్దరం ఒకేసారి షట్టరు వైపు చూశాం.

దిగి వెళ్ళి షట్టరుకి చెవి ఆనించాను. ఏమీ వినిపించలేదు. కొట్టాను. రేకు మోత తప్ప ఇంకేం లేదు. వీధి చివర కుర్చీలో ఒక కాపలాదారు ఉన్నాడు. ఆ వరస దుకాణాలన్నిటికీ ఆయనే. పేరు నర్సింలు అని తరవాత తెలిసింది. ఆయన్ని పిలిచి, లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగాను.

“లోపట ఎవరుంటరమ్మా? శనారం నాడే బంద్ జేసి పోయిండ్రు. ఇగ రేపే తీసేది.”

నేనేం చెప్పగలను? మా కారు తెర మీద అంకె ఊపిరి తీస్తోందని చెబితే నన్నే దవాఖానకి తీసుకెళతారు. అందుకని, లోపల మూలుగు వినిపించిందని చెప్పాను. వినిపించలేదు. కానీ చెప్పాను, గట్టిగా.

నర్సింలు ముఖం మారిపోయింది. తాళాలు గోదాము యజమాని, సేటు అల్లుడి దగ్గర ఉన్నాయన్నాడు, ఫోను చేశాడు. అతను బేగంబజార్‌లోనే ఉంటాడు, వస్తానన్నాడు. రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. నాకు మాత్రం ఆ పొద్దంతా గడిచినట్టే ఉంది. నేను షట్టరు దగ్గరికీ కారు దగ్గరికీ తిరుగుతూనే ఉన్నాను. పదిహేను. పద్నాలుగు. మా అత్తగారు తెర మీదనుంచి చూపు తిప్పలేదు. పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటున్నారనుకున్నాను. దగ్గరికెళ్ళి వింటే, “తీసుకో నాయనా, తీసుకో” అంటున్నారు.

సేటు అల్లుడు స్కూటరు మీద వచ్చాడు. సెలవురోజు పిలిపించామని చిరాకు.

“చూహే హోంగే మేడం. ఎలుకలు మస్తు ఉంటయి ఇక్కడ” అంటూ తాళం తీశాడు.

షట్టరు లేవగానే శనగపప్పు, గోనె వాసన ముఖానికి కొట్టింది. లోపల చీకటి. అతను లైటు వేశాడు. వరసలు వరసలుగా బస్తాలు, పైకప్పు దాకా. వెనక మూల ఒక వరస జారి కుప్పగా పడి ఉంది.

“అరే, మాల్ గిరిపోయింది” అని తల పట్టుకున్నాడు. “ఎవరన్నా ఉన్నరా?” అని నర్సింలు ఒకటికి రెండుసార్లు కేకేశాడు. జవాబు లేదు. “దేఖా మేడం? ఎవరు లేరు. పొద్దుగాల పొద్దుగాల పరేషాన్ చేసిండ్రు” అంటూ అతను షట్టరు కిందికి లాగడానికి చెయ్యి పైకెత్తాడు.

అప్పుడు కారు హారను మోగింది. మా అత్తగారు పక్క సీట్లోంచి వంగి, హారను నొక్కి పట్టుకుని వదలడం లేదు. పరుగెత్తాను. తెర మీద పన్నెండు. పెరగడం లేదు, తగ్గడం లేదు. పన్నెండు, పన్నెండు. ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుని, “ఆగిపోయిందే, లేవట్లేదే” అన్నారు.

ఆ తరవాత నేను చేసినదానికి నాకే ఆశ్చర్యం. వెనక్కి వెళ్ళి షట్టరు కింద సరిగ్గా గడప మీద నిలబడ్డాను. “ఆ పడిపోయిన బస్తాలు తియ్యండి. తీసేదాకా నేను కదలను. లాగితే షట్టరు నా మీదే పడుతుంది” అన్నాను. సేటు అల్లుడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. నర్సింలు మాత్రం ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి మొదటి బస్తా లాగాడు. హారను మోత విని మూలమీది టీ కొట్టు దగ్గరున్న ఇద్దరు ముగ్గురు వచ్చి చెయ్యి వేశారు.

నాలుగైదు బస్తాలు తీశాక ఒక చెప్పు కనిపించింది. దాని పక్కన పాదం.

“అరేయ్, యాదయ్య!” అని నర్సింలు అరిచాడు. “యాదయ్యరా ఈడు! తియ్యుండ్రి, జల్ది తియ్యుండ్రి!”

యాదయ్య అక్కడ బస్తాలు మోసే హమాలీ. ఒక బస్తా అడ్డంగా పడి అతని తల దగ్గర కాస్త సందు మిగిలింది. మరొకటి ఛాతీ మీద ఉంది. ముఖం బూడిద రంగులో ఉంది, పెదవులు పగిలి రక్తం గడ్డకట్టింది. ఛాతీ మీది బస్తా లాగేశారు. అప్పుడు అతని నోరు తెరుచుకుంది. ఊపిరి తీసిన ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. సేటు అల్లుడు అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు.

అంబులెన్సు వచ్చి తీసుకెళ్ళాక నేను కారు దగ్గరికి వెళ్ళాను. నాలుగు చక్రాల దగ్గరా గీతలే ఉన్నాయి. మా అత్తగారు నీరసంగా సీటుకి ఆనుకుని ఉన్నారు. లోపల అందరూ ఒక్కసారి కేకలు వేసినప్పుడు, ఆ అంకె పన్నెండు నుంచి ఒక్క ఊపున ముప్పై మూడుకి వెళ్ళిందట. కాసేపు ఉండి ఆరిపోయిందట. ఆవిడ కూర్చున్న చోటునుంచి గోదాము లోపలి భాగం కనిపించదు. నేనూ అక్కడ కూర్చుని చూసి తేల్చుకున్నాను.

జరిగింది తరవాత మెల్లగా తెలిసింది. శనివారం మధ్యాహ్నం సరుకు పేర్చాక, నడుం వాల్చుదామని యాదయ్య ఆ వరస వెనక్కి వెళ్ళాడు. మిగతావాళ్ళు షట్టరు దించి వెళ్ళిపోయాక ఆ వరస జారింది. పండగకి ఊరెళ్ళాడని ఇక్కడివాళ్ళు అనుకున్నారు. పని ఉండి ఆగిపోయాడని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. ఫోను లోపల ఎక్కడో నలిగిపోయింది.

నా చెవుల్ని ఆ వీధంతా మెచ్చుకుంది. నేను కాదనలేదు, టైరు సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకూ, మా అత్తగారికీ, మా ఆయనకీ తప్ప అది ఇంకెవరికీ తెలియదు.

మా ఆయన రాగానే కారుని ఒక పెద్ద టైర్ల షాపుకి తీసుకెళ్ళాం. ఎడమ వెనక సెన్సరు మార్చమన్నాం, కారణం చెప్పలేదు. అక్కడి మెకానిక్ చక్రం విప్పి, రిమ్ము నుంచి టైరు వేరు చేసి, లోపల చెయ్యి పెట్టి చుట్టూ తడిమాడు. మావైపు తిరిగాడు.

“సార్, ఏంది మార్చాలె? ఇందుల సెన్సరే లేదు.”

అందులో ఉన్నది మామూలు రబ్బరు వాల్వు. మాకు అమ్మినవాళ్ళో, అంతకుముందువాళ్ళో ఎప్పుడో టైరు మార్చినప్పుడు సెన్సరు విరిగితే తీసేసి ఉంటారన్నాడు. మరి అంకె ఎలా చూపిస్తోందని మా ఆయన అడిగారు. “చూపియ్యదు సార్. గీతలే రావాలె” అన్నాడు.

అక్కడితో నేను వదిలేయలేదు. పక్కన వెళ్ళే వేరే బండి సెన్సరుని మా కారు పట్టుకుందేమో? కానీ ఒక్కో సెన్సరుకి దానిదంటూ ఒక నంబరు ఉంటుంది, కారు తనలో నమోదైనవాటినే వింటుంది. పైగా సోమవారం అంబులెన్సు వచ్చేదాకా ఆ వీధిలో మా కారు, సేటు అల్లుడి స్కూటరు తప్ప వేరే బండి లేదు. కంప్యూటరే చెడిందేమో? కావచ్చు. అంతకుముందు నెలల్లో ఆ చక్రం దగ్గర అంకె ఉండేదా, గీతలు ఉండేవా అంటే నేను ఒట్టేసి చెప్పలేను, చూడలేదు కనుక. వీడియో మాత్రం ఉంది. అందులో అంకె దిగుతుంది, ఆగుతుంది, లేస్తుంది. మా ఆయన రెండోసారి చూడనన్నారు.

కొన్నాళ్ళకి యాదయ్యని చూడటానికి సర్కారు దవాఖానకి వెళ్ళాం. కాలికి రాడ్ వేశారు. భార్య లక్ష్మమ్మ మా అత్తగారి చేతులు రెండూ కళ్ళకి అద్దుకుంది. యాదయ్య సన్నటి మనిషి, గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. “నా మూలుగు విని వచ్చిండ్రట” అన్నాడు. నేను తల ఊపాను.

“నేను మూలగలేదమ్మా” అన్నాడు. “మూలుగుదామంటే ఊపిరి యాడుంది? రొమ్ము మీద బస్తా.”

నా అబద్ధం పట్టుకోవాలని అతను అలా అనలేదు. వేరే ఏదో అడగాలని చూస్తున్నాడు. భార్య వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“చీకట్ల ఒకాయన ఉండెనమ్మా నా పక్కన. మొకం కనవడలే. సైకిల్ టైరుకు గాలి కొడతరు సూడు, పంపుతోని, గట్ల కొడుతుండె. ఆయన కొట్టినప్పుడల్లా నాకు గింత ఊపిరి ఆడేది. ఆయన ఆగితే నాది ఆగేది. రెండు రాత్రులు కొట్టిండు. పాపం, శాన అలిసిపోయిండు.”

లక్ష్మమ్మ మమ్మల్ని పక్కకి పిలిచి, తెలివి తప్పినప్పుడు అట్లనే అనిపిస్తదని డాక్టర్లు చెప్పారంది. నిజమే అయ్యుంటుంది. ఊపిరాడని మెదడు ఎన్నో చూస్తుంది, ఎన్నో వింటుంది. నేను కూడా ఆవిడతో అదే అన్నాను. కానీ గాలి కొట్టే పంపే ఎందుకు వినిపించాలి? ఆ గోదాములో పంపు లేదు, నర్సింలుని అడిగాను. బయట వీధిలోనూ ఎవరూ గాలి కొట్టలేదు.

మేం లేచి వచ్చేస్తుంటే యాదయ్య మళ్ళీ పిలిచాడు.

“అమ్మా, మీరు షట్టర్ తీపిచ్చినప్పుడు ఆయన లోపటనే ఉన్నడా? యాడికి పోయిండో జర జెప్పుండ్రి. ఒక్కసారి కలవాలె.”

మా అత్తగారు నా వైపు చూశారు. కాలేజీలో ఎంత కష్టమైన ప్రశ్నకైనా నా దగ్గర ఏదో ఒక జవాబు ఉంటుంది. ఆ మంచం పక్కన నిలబడి, అతను ఊపిరి తీసుకోగానే ఆయన వెళ్ళిపోయాడని చెప్పాను. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను.